పైకము ముట్టినదని ఎవరు చెప్పవలెను?

ఒక యువకుడు ఒంటరిగా తన గదిలో కూర్చుండి, సెల్‌ఫోనులో డబ్బు చెల్లించు సాధనమొకటి తయారుచేసి, పదిమంది చేతికి ఈయవచ్చునా? ఈ ప్రశ్న మన సంఘ కార్యాలయమునకు వచ్చునని పదేండ్ల క్రిందట ఎవరైనా చెప్పియుండిన నేను నవ్వియుందును. కాని సూరత్ నగరములో అది మా బల్లమీదికే వచ్చినది. ఈయవచ్చుననియే నా అభిప్రాయము. అయితే రెండు షరతులున్నవి. ఇతరుల సొమ్మును అతడు తన చేతిలో ఉంచుకొనరాదు. సొమ్ము చేరినదని తానే ప్రకటింపరాదు. ఈ రెండు షరతులును తపాలా, రైల్వే ఉద్యోగులమైన మనకు క్రొత్తవి కావు. మన తాతల కాలమునుండి మన చేతులమీదుగా నడచిన పద్ధతులే అవి.

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతముల సంగతి మన పాఠకులలో చాలమందికి తెలిసినదే. తెలంగాణ జిల్లాలనుండి మగ్గము పని చేతబట్టుకొని వచ్చిన కుటుంబములు అక్కడ మరమగ్గముల షెడ్లలో తరములుగా పనిచేయుచున్నవి. తెలుగు పిల్లల కొరకు అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడుపుచున్నదన్న, ఆ కుటుంబముల సంఖ్యను ఊహించుకొనవచ్చును. వారిని స్వగ్రామములతో కలిపినవి రెండు దారములు. ఒకటి వరంగల్లు మీదుగా పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్. రెండవది మనియార్డరు. ఒకటి రైల్వే వారిది, ఇంకొకటి తపాలా వారిది.

ఈ కుటుంబములలో కొన్ని కలిసి నెలకు నూరు రూపాయల చొప్పున ఒక సహాయ నిధి నడుపుకొనుచున్నవి. ఎవరికైన ప్రాణాంతకమైన జబ్బు చేసినను, ఎవరైన మరణించినను, ఊరు చేరుటకు అయ్యెడి ఖర్చును నిధి భరించును. చందా వసూలునకు ఒక రసీదు పుస్తకము, ఒక కోశాధికారి, ఆదివారములు ఇంటింటికి తిరుగు ఇద్దరు మనుష్యులు ఉండిరి. ఉధ్నాలో ట్రాక్ మెయింటెయినరుగా పనిచేసి విరమించిన మన సభ్యుని కుమారుడు ఈ వసూలును సులభము చేయ సంకల్పించినాడు. పగలు బట్టల మార్కెట్టులో ఒక దుకాణమున లెక్కలు వ్రాయుట, రాత్రులు కంప్యూటరు ముందు కూర్చుండుట. ఇది అతని దినచర్య.

మొదట అతడు తలపెట్టినది వేరు. సభ్యులు ముందుగా కొంత సొమ్మును యాప్‌లో వేసుకొనవలెను, నెలనెలా నూరు రూపాయలు దానినుండి విరుగవలెను అని అతని ఊహ. ఇది చట్టరీత్యా సాధ్యము కాదు. 2007 నాటి చెల్లింపుల, సెటిల్‌మెంట్ వ్యవస్థల చట్టము ప్రకారము రిజర్వు బ్యాంకు అనుమతి లేనిదే ఎవరును చెల్లింపు వ్యవస్థను నడుపరాదు. సొమ్ము నిలువయుంచు వాలెట్టునకు అనుమతి కోరు సంస్థకు దరఖాస్తు నాటికే 5 కోట్ల రూపాయల నికర విలువ ఉండవలెను, మూడవ ఆర్థిక సంవత్సరాంతమునకు అది 15 కోట్లు కావలెను. ఇతరుల తరఫున వసూలుచేసి వర్తకులకు అందజేయు అగ్రిగేటరు సంస్థలకైతే, మొదట 15 కోట్లు, తరువాత 25 కోట్లు. ఒంటరి యువకుడు ఈ గడప దాటలేడు. దాటలేకపోవుట అన్యాయమని కొందరు యువకులు వాదించుచున్నారు. నేను అంగీకరింపను. పేదవాని నూరు రూపాయలను తన పెట్టెలో ఉంచుకొను వానికి, ఆ పెట్టె పగిలిన నాడు ఇచ్చుకొనగల శక్తి ఉండి తీరవలెను. చీటీల కంపెనీలు మూతపడిన ఊళ్లలో పుట్టిన మనకు ఈ సంగతి ఎవరును బోధింప పనిలేదు.

అయితే ఇంకొక దారి ఉన్నది. 2016 ఏప్రిల్ 11న ప్రారంభమైన యూపీఐ పద్ధతిలో ఏ యాప్ అయినను ఒక లంకె తయారుచేసి, ఎవరి ఖాతాకు, ఎంత, దేని నిమిత్తము అను వివరములను అందులో వ్రాసి, సభ్యుని ఫోనులో ఇదివరకే ఉన్న చెల్లింపు యాప్‌నకు అప్పగింపవచ్చును. సభ్యుడు అక్కడ తన పిన్ నొక్కును. సొమ్ము అతని బ్యాంకు ఖాతానుండి నేరుగా నిధి ఖాతాకు పోవును. మధ్యనున్న యువకుని చేతికి ఒక్క పైసా తగులదు. అతడు చేయునది మనియార్డరు ఫారము నింపిపెట్టు వాని పనియే. తపాలా కార్యాలయపు వరండాలో కూర్చుండి, చదువు రానివారికి ఫారములు నింపి ఇచ్చిన వ్రాయసగాండ్రను మనము ఎరుగుదుము. వారికెవరు లైసెన్సు ఇచ్చినారు? వారు సొమ్ము ముట్టలేదు గనుక అక్కరలేకపోయినది.

యువకుడు ఈ దారినే పట్టినాడు. గూగుల్ వారి యాప్ దుకాణములో పేరు నమోదుకు 25 డాలర్లు కట్టినాడు. క్రొత్తగా చేరిన వ్యక్తి తన యాప్‌ను అందరికి విడుదల చేయుటకు ముందు, కనీసము పన్నెండుగురిచేత పదునాలుగు దినములు ఎడతెగకుండ వాడించి చూపవలెనను నియమము అక్కడ ఉన్నది. ఆ పన్నెండుగురిని అతడు ఎక్కడనుండి తెచ్చినాడనుకొన్నారు? నలుగురు మగ్గము కార్మికులు, ముగ్గురు ఉధ్నా రైలు సిబ్బంది, ఇద్దరు తపాలా సార్టర్లు, ఒక ఉపాధ్యాయిని, ఒక మందుల దుకాణదారు, పన్నెండవవాడను నేను. యాప్ విడుదలైన దినమున నిధి సభ జరిగినది. ఇక రసీదు పుస్తకము అవసరము లేదని ఆ సభలో తీర్మానము ప్రతిపాదించినది కూడ నేనే. ఈ మాటను దాచుకొనుట తగదు గనుక వ్రాయుచున్నాను.

మూడు నెలలు గడిచినవి. యాప్‌లోని జాబితాకును, బ్యాంకు పాసుపుస్తకమునకును 2,300 రూపాయల తేడా వచ్చినది. ఇరువది మూడు చందాలు జాబితాలో ‘చెల్లించినారు’ అని ఉన్నవి, ఖాతాలో లేవు. విచారింపగా, వానిలో పదునైదు బ్యాంకుల మధ్య విఫలమై మరునాటికి సభ్యుల ఖాతాలకే తిరిగి పోయినవి. మిగిలిన ఎనిమిదింటిలో సభ్యులు పిన్ నొక్కకుండగనే వెనుకకు వచ్చినారు. కాని చెల్లింపు యాప్‌నుండి ఫోను తిరిగి రాగానే యువకుని యాప్ ‘చెల్లించినారు’ అని వ్రాసికొన్నది. ఎవరును మోసము చేయలేదు. “బాబాయి, ఫోను మళ్ల మన దగ్గరికొచ్చిందంటే పైసలు పోయినట్టే అనుకొన్న” అని అతడు తల వంచుకొని చెప్పినాడు.

ఈ తేడాను సభ్యులు ఒక వారములో పూడ్చినారు. కాని అదే సమయమున రెండవ తప్పు బయటపడినది. దానిని పూడ్చుట అంత సులభము కాలేదు. ఒక సోదరి భర్త ఊపిరితిత్తుల జబ్బుతో మంచమెక్కినాడు. జనగామ ప్రక్కనున్న స్వగ్రామమునకు తీసికొనిపోవలెను. ఆమె నిధిని ఆశ్రయించినది. జాబితాలో ఆమె పేరుకు ఎదురుగా మూడు నెలల బాకీ కనబడినది. రెండు నెలలకు మించి బాకీ ఉన్నవారికి సహాయము లేదని నియమము. “అన్నా, నెలనెలా నూరు రూపాయలు పక్కింటి పిలగానికి ఇచ్చిన. నాది బటన్ ఫోను. ఆయన ఫోన్ల నా పేరు పడకపోతే నేనేం జేయాలె?” అని ఆమె అడిగినది. ఆమె చెప్పినది నిజము. ఆ పిల్లవాడు తన ఫోనునుండి నెలకు రెండు చందాలు పంపినాడు. సొమ్ము ఖాతాలో చేరినది. కాని యాప్ దృష్టిలో ఒక ఫోను అన్న ఒక మనిషి. రెండు చందాలును అతని పేరనే జమ అయినవి. రసీదు పుస్తకము ఉండియున్న ఆమె చేతిలో కాగితము ఉండెడిది. ఆ పుస్తకమును మూయించినవాడను నేను.

కమిటీ ఆ రాత్రి తేల్చలేకపోయినది. పాసుపుస్తకమును వరుస వరుసగా సరిచూచి, సొమ్ము మంజూరు చేయుసరికి రెండు దినములు పట్టినది. దంపతులు రెండు దినములు ఆలస్యముగ రైలెక్కినారు. సొమ్ము కట్టనివారు కట్టినట్లును, కట్టిన పేదరాలు కట్టనట్లును చూపిన జాబితా అది. తప్పు ఎప్పుడును బలహీనుని మీదనే పడుటకు దారి వెదకుకొనునని మన ఉద్యమానుభవము చెప్పుచున్నది. ఇచట కూడ అట్లే జరిగినది.

ఇప్పుడు పాఠకులు తమ వృత్తిని ఒకసారి తలచుకొనవలెను. మన దేశమున తపాలాశాఖ 1880లో మనియార్డరును ప్రారంభించినది. ఇరువది రూపాయలకు ఒక రూపాయి చొప్పున కమీషను తీసికొన్న కాలము మనకు గుర్తున్నది. ఆ ఖర్చు ఎక్కువయే. కాని ఆ రూపాయికి కొనుక్కున్నది ఏమి? ఫారము అడుగున ఒక భాగముండెడిది. పోస్టుమన్ ఊరిలో ముసలితల్లి చేతికి సొమ్ము ఇచ్చి, ఆమె సంతకమో వ్రేలిముద్రయో వేయించుకొని, ఆ భాగమును పంపినవానికి తిరిగి చేర్చెడివాడు. లింబాయత్‌లోని కార్మికుడు ఆ వ్రేలిముద్ర చూచిన పిమ్మటనే పైకము ముట్టినదని నమ్మెడివాడు. కౌంటరులో గుమాస్తా ఇచ్చిన రసీదు సొమ్ము పంపినందుకు సాక్ష్యము మాత్రమే. ముట్టినందుకు సాక్ష్యము ముట్టినవారి వ్రేలిముద్ర.

రైల్వే సోదరులకు వేరు ఉదాహరణము అక్కరలేదు. బండి బయలుదేరినదని వెనుకటి స్టేషను వారు చెప్పినంతమాత్రమున సెక్షను ఖాళీ అయినట్లు కాదు. ముందటి స్టేషనులో బండి పూర్తిగ వచ్చినదని, చివరి పెట్టెకు తగిలించిన ఎల్.వి. పలకను, రాత్రియైన వెనుక దీపమును కండ్లార చూచి నిర్ధారించుకొన్న పిమ్మటనే సెక్షను ఖాళీ అయినట్లు వెనుకకు తెలుపుదురు. ఇంజను కనబడినది గదా అని తెలిపిన స్టేషను మాస్టరు ఉద్యోగములో ఉండడు, వెనుక వచ్చు బండిలోని ప్రయాణికులు ప్రాణములతో ఉండరు. యువకుని యాప్ ఇంజనును చూచి లైను ఖాళీ అన్నది. అతని తప్పు అంతకంటె ఎక్కువ కాదు, తక్కువయు కాదు.

ఈ మాటలు అతనితో చెప్పినపుడు అతడు రెండు వారములు పనిచేసి యాప్‌ను మార్చినాడు. ఇప్పుడు సభ్యుడు చెల్లించి తిరిగి రాగానే ‘పంపినట్లు తెలిపినారు’ అని మాత్రమే పడును. కోశాధికారి బ్యాంకు ఖాతాలో జమ చూచి, తాను నొక్కిన పిమ్మటనే ‘ముట్టినది’ అని మారును. చెల్లించువారి పేరు, ఎవరి నిమిత్తము చెల్లించుచున్నారో వారి పేరు వేరువేరుగ వ్రాయవలెను. ఫోను లేనివారికి రసీదు పుస్తకము మరల తెరువబడినది. ఆదివారములు ఇంటింటికి తిరుగుట మరల మొదలైనది. వేగము కొంత తగ్గినది. ఖాతాకును జాబితాకును తేడా లేదు.

ఇక విషయమును కొంత విశాలముగ చూడవలెను. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే దేశమున యూపీఐ ద్వారా 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగినవి. దీనిని నడుపుచున్న జాతీయ చెల్లింపుల సంస్థ 2008లో రిజర్వు బ్యాంకు, భారతీయ బ్యాంకుల సంఘము కలిసి లాభాపేక్ష లేకుండ నెలకొల్పినది. కెన్యాలో 2007లో ప్రారంభమైన ఎం-పెసా ఒక టెలిఫోను కంపెనీ సొత్తు. బ్రెజిల్‌లో 2020 నవంబరున వచ్చిన పిక్స్ పద్ధతిని అక్కడి కేంద్ర బ్యాంకే నడుపుచున్నది. మన పద్ధతి ఈ రెండవ జాతికి దగ్గరిది. పట్టాలు ప్రజలందరివి, వాటిమీద ఎవరి బండియైనను నడువవచ్చును అనునది దాని మూలసూత్రము. కాని ఆ పట్టాల మీద నడచు బండ్లలో అధిక భాగము రెండే కంపెనీలవి. ఏ ఒక్క యాప్‌నకును 30 శాతమునకు మించి వాటా ఉండరాదని 2020 నవంబరున నియమము చేసినారు. అమలు గడువును 2022 చివరినుండి 2024 చివరికి, అటుపిమ్మట 2026 డిసెంబరు 31కి జరిపినారు. బలవంతునికి గడువులు పొడిగించు ప్రభుత్వములను మనము చాల చూచినాము.

ఒంటరి యువకునికి ఆదాయము ఎక్కడనుండి వచ్చును అని కూడ అడుగవలెను. 2020 జనవరి 1 నుండి యూపీఐ చెల్లింపులపై వర్తకులనుండి రుసుము వసూలు చేయుట లేదు. చిన్న వర్తకులకు జరుగు 2,000 రూపాయల లోపు చెల్లింపుల ప్రోత్సాహమునకు 2024-25 సంవత్సరమునకై కేంద్ర మంత్రివర్గము సుమారు 1,500 కోట్లు మంజూరు చేసినది. అది బ్యాంకులకు, వాటితో ఒప్పందమున్న సంస్థలకు పంచబడునది. మన యువకుని వంటివానికి ఏమియు రాదు. పెద్ద కంపెనీ నష్టమును భరించి, ప్రజల ఖర్చుల వివరములు చేజిక్కించుకొని, రేపు అప్పులు అమ్మి లాభము తీయగలదు. యువకుడు అట్లు చేయలేడు, చేయరాదు కూడ. కనుక ఇట్టి పని నిలుచుటకు దారి సంఘములు, సహకార సంస్థలు, సహాయ నిధులే. ఈ నిధి అతనికి నెలకు కొంత గౌరవ వేతనము నిర్ణయించినది. అది కూలి. కూలి తీసికొన్నవానికి బాధ్యత ఉండును, ఇచ్చినవారికి అడుగు హక్కు ఉండును. ఉచిత సేవయని పొగడుటకంటె ఇది ఉభయులకు మేలు.

మనలో కొందరు పెద్దలు వేరు దృష్టితో చూచుచున్నారు. యంత్రము వచ్చిన ఉద్యోగము పోవునను భయము వారిది. 1980లలో రిజర్వేషను కౌంటర్లకు కంప్యూటర్లు వచ్చినపుడు మన సభలలో వినిపించిన మాటలే ఇవి. ఆ భయము నిరాధారము కాదు. 2013 జులైలో టెలిగ్రాఫు సేవ నిలిచిపోయినది. టికెట్లు, చెల్లింపులు చేతిలోని ఫోనుకు పోవుచున్న కొలది కౌంటర్లపై కత్తి వ్రేలాడుచునే ఉన్నది. అయినను యంత్రమును ఆపగోరిన చోట మనము ఓడిపోతిమి, యంత్రముతోపాటు మనిషిని నిలుపగోరిన చోట కొంత గెలిచితిమి. బటన్ ఫోను గల ఆ సోదరికి కౌంటరు కావలెను, కౌంటరు వెనుక మనిషి కావలెను. ఆమె వాదనయే మన ఉద్యోగముల వాదన. దానిని విడిచి యాప్‌ను తిట్టుచు కూర్చున్న, సభ్యుల పిల్లలే మనలను విడిచిపోవుదురు.

కావున మన సమాఖ్య మూడు కోర్కెలు ముందుంచవలెనని నా ప్రతిపాదన.

మొదటిది. 2018 సెప్టెంబరు 1న దేశవ్యాప్తముగ ప్రారంభమైన తపాలా చెల్లింపుల బ్యాంకు పూర్తిగ ప్రభుత్వ సొత్తు. చిన్న సహాయ నిధులకు, కార్మిక సంఘములకు అది ఖాతాలు ఇచ్చి, జమ పడిన వెంటనే ఎవరినుండి ఎంత ముట్టినదో రుసుము లేకుండ నిధివారి లెక్కకు తెలియజేయు ఏర్పాటు చేయవలెను. కోశాధికారి కండ్లతో చూచుచున్న ఎల్.వి. పలకను బ్యాంకే చూపవలెను. వ్రేలిముద్రను తిరిగి చేర్చిన శాఖకు ఇది తగిన పని.

రెండవది. ఏ పరికరమును గ్రామీణ డాక్ సేవకుల చేతికిచ్చినను, దానిపై పట్టు కాలమును పనిగంటలలో లెక్కింపవలెను. నాలుగు, ఐదు గంటల వేతనము ఇచ్చుచు, ఖాతాలు తెరువు లక్ష్యములను వారి నెత్తిన రుద్దుట మానవలెను. కౌంటరు మూసి యాప్ చూపించుట సంస్కరణము కాదు.

మూడవది. ఖాతాలో తరుగు పడి ఎదుటివారికి చేరని సొమ్ము గురించి 2019 సెప్టెంబరున రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వును ప్రతి తపాలా కార్యాలయములోను, స్టేషనులోను తెలుగు, గుజరాతీ, హిందీ, ఒడియా భాషలలో అంటింపవలెను. వ్యక్తినుండి వ్యక్తికి పంపిన యూపీఐ సొమ్ము చేరనిచో మరునాటికి తిరిగి జమ కావలెను, ఆలస్యమైన దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము ఈయవలెను. ఈ హక్కు ఉన్నదని మన సభ్యులలో ఎంతమందికి తెలియును? డబ్బు పుచ్చుకొనుటకు పిన్ నొక్క పనిలేదని, నొక్కుమన్నవాడు దొంగయని, మోసపోయిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెనని కూడ అదే గోడమీద వ్రాయవలెను.

సూరత్ నగరము డబ్బు పంపుటలో మనకంటె పాతది. పదునేడవ శతాబ్దమున వీర్జీ వోరా వంటి వర్తకులవద్ద ఈస్టిండియా కంపెనీ వారే అప్పు తీసికొన్నారు. ఇక్కడ వ్రాసిన హుండీ కాగితము ఆగ్రాలో చెల్లెడిది. వజ్రములను, నగదును మోసికొనిపోవు అంగడియాలు నేటికిని ఆ వీధులలో ఉన్నారు. వారందరి వ్యాపారము నిలిచినది, ఎదుటి చివరనున్న మనిషి ముట్టినదని ఒప్పుకొనుట మీదనే. హుండీనుండి ఫోనువరకు కాగితము మారినది, వేగము మారినది. ఎదుటి మనిషి ఒప్పుదల అవసరము మారలేదు.

మన యువకుడు ఇప్పుడు ఇంకొక రెండు నిధులకు అదే యాప్‌ను సిద్ధము చేయుచున్నాడు. మొదటి సమావేశమునకు నన్ను పిలిచినాడు. రసీదు పుస్తకము చంకన పెట్టుకొని పోయితిని. జనగామ ప్రాంతమునుండి ఆ సోదరి పంపిన కబురు అందినది. భర్త కోలుకొనుచున్నాడు, తిరిగివచ్చిన పిమ్మట తన మూడు నెలల జమను తన కండ్లతో పుస్తకములో చూచుకొనెదనని ఆమె అన్నది. ఆమెకు ఆ హక్కు ఉన్నది. ఆమె చూచువరకు మా లెక్క పూర్తియైనట్లు కాదు.